అడల్ట్ ఫిల్మ్ పెర్ఫార్మర్లకి సుఖవ్యాధుల టెస్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ టాపిక్ ఎక్కడ వచ్చినా అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, రిపోర్ట్ నెగటివ్ అయితే ఇంకేంటి ప్రాబ్లం అని ఒకరు, వాళ్ళందరికీ ఎయిడ్స్ ఉంటుందటగా అని ఇంకొకరు, అందుకే అన్నీ ఒకచోట పెట్టేశా. ఇందులో చెప్పేది అమెరికా సంగతి, ఎక్కువగా లాస్ ఏంజెలెస్ చుట్టూ ఉన్న స్టూడియోల పద్ధతి. మొదటినుంచి చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న చూసుకుని అక్కడికి వెళ్ళిపోండి. మందుల డోసులు అక్కడి గైడ్‌లైన్స్‌లో ఉన్నవి, వాటిని చూసి సొంతంగా మందులు కొనేయొద్దు.

## ఈ పద్ధతి ఎలా వచ్చింది

అసలు వాళ్ళకి టెస్టులు చేస్తారా? ఎవరు మొదలుపెట్టారు?

చేస్తారు, అదీ మామూలు జనం ఊహించనంత తరచుగా. 1998లో లాస్ ఏంజెలెస్ ఇండస్ట్రీలో హెచ్ఐవీ కేసులు వరసగా బయటపడ్డాయి. అప్పుడు షారన్ మిచెల్ అని ఒకప్పుడు అదే ఫీల్డ్‌లో నటించినావిడ పూనుకుని ఎయిమ్ అనే క్లినిక్ సంస్థ పెట్టింది. యాంటీబాడీల (వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసేవి) కోసం వెతికే పాత టెస్టుల బదులు నేరుగా వైరస్ జన్యు పదార్థాన్నే పట్టే పీసీఆర్ టెస్ట్ అక్కడ అలవాటు చేశారు, నెలకోసారి చేయించుకుని ఆ కాగితం సెట్‌లో చూపించేవాళ్ళు. 2011లో వేలమంది పెర్ఫార్మర్ల అసలు పేర్లు, వివరాలు నెట్‌లో లీకయ్యాయి, కోర్టు కేసులు కూడా మీదపడటంతో ఎయిమ్ మూతపడింది. ఆ తర్వాత ఫ్రీ స్పీచ్ కొయలిషన్ అనే ఇండస్ట్రీ సంఘం టెస్టులకీ, వాటి డేటాబేస్‌కీ కొత్త ఏర్పాటు చేసింది, దాన్నే ఇప్పుడు పాస్ అంటున్నారు.

2004లో ఏదో పెద్ద గొడవ అయిందంటారు, ఏంటది?

ఒక మగ పెర్ఫార్మర్ బ్రెజిల్‌లో షూట్ చేసుకుని తిరిగొచ్చాడు, టెస్ట్ చేయిస్తే నెగటివ్, సరే అని పనిలోకి దిగాడు. ఏప్రిల్‌లో చేసిన టెస్ట్‌లో హెచ్ఐవీ పాజిటివ్ వచ్చింది. ఈ మధ్యలో అతనితో పనిచేసిన 13 మంది ఆడవాళ్ళలో ముగ్గురికి అంటింది. సీడీసీ (అమెరికా ప్రభుత్వ అంటువ్యాధుల నియంత్రణ సంస్థ) 2005లో దీని మీద రిపోర్ట్ వేసింది. ఇందులో ఎవరూ దొంగ కాగితాలు పెట్టలేదు, టెస్టులు ఎగ్గొట్టలేదు, రూల్ ప్రకారమే అందరి దగ్గరా నెల లోపు నెగటివ్ రిపోర్టులు ఉన్నాయి, అయినా అంటింది. ఇండస్ట్రీ దాదాపు నెల రోజులు షూటింగులు ఆపేసింది. ఎవరు ఎవరితో పనిచేశారో లిస్టులు తీసి వెంటనే పిలిచి టెస్టులు చేయడం వల్లే అది ముగ్గురి దగ్గర ఆగింది, లేకపోతే ఎంతమందికి పాకేదో.

నెలకోసారి ఉన్నది 14 రోజులకి ఎందుకు మార్చారు?

2013లో కొద్ది నెలల్లోనే చాలాసార్లు హెచ్ఐవీ కేసులు బయటపడి షూటింగులు ఆపాల్సి వచ్చింది, ఆ ఏడాదే 28 రోజుల గడువుని 14కి తగ్గించారు. దీని వెనక లెక్క సింపుల్. టెస్ట్‌కీ టెస్ట్‌కీ మధ్య ఎన్ని రోజులుంటే ఆ మధ్యలో అంతమంది పార్టనర్లు ఉంటారు, ఒకరికి ఇన్ఫెక్షన్ వచ్చినా గ్యాప్ చిన్నదైతే త్వరగా దొరుకుతుంది, వెతకాల్సిన లిస్ట్ కూడా చిన్నదవుతుంది. అంతేగానీ ఆ మొదటి మనిషికి రాకుండా మాత్రం ఈ 14 రోజుల రూల్ ఆపలేదు, జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఇది గవర్నమెంట్ పెట్టిన రూలా?

కాదు. 14 రోజుల గడువు ఇండస్ట్రీ తనకి తాను పెట్టుకున్నది. సీడీసీ మామూలు జనానికి చెప్పేది చాలా తక్కువ: 13 నుంచి 64 ఏళ్ళ వాళ్ళంతా జీవితంలో కనీసం ఒక్కసారి హెచ్ఐవీ టెస్ట్, 25 లోపు వయసున్న ఆడవాళ్ళకి ఏడాదికోసారి గనేరియా, క్లమీడియా (రెండూ బాక్టీరియా సుఖవ్యాధులు) టెస్టులు, మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాళ్ళకి కనీసం ఏడాదికోసారి, రిస్క్ ఎక్కువుంటే 3 నుంచి 6 నెలలకోసారి.

## టెస్ట్‌కి వెళ్ళే ముందు

ఏయే జబ్బులకి చూస్తారు?

హెచ్ఐవీ, సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనాస్ (సెక్స్ ద్వారా అంటే ఒక పరాన్నజీవి), హెపటైటిస్ బి, హెపటైటిస్ సి. హెచ్ఐవీకి ఆర్ఎన్ఏ టెస్ట్ (నేరుగా వైరస్ జన్యు పదార్థాన్నే వెతికేది) ఉండాలి, ఉత్త యాంటీబాడీ టెస్ట్ లెక్కలోకి రాదు.

హెర్పిస్, హెచ్‌పీవీ లిస్ట్‌లో లేవేంటి? దాస్తున్నారా?

దాచడం కాదు, పనికొచ్చే టెస్ట్ లేదు. హెర్పిస్ రక్త పరీక్ష తప్పుగా పాజిటివ్ చూపించడం ఎక్కువ, పైగా ఎప్పుడో చిన్నప్పుడు పెదవి మీద పొక్కు వచ్చినవాళ్ళకి కూడా పాజిటివ్ వస్తుంది, అది చూసి ఇవాళ అంటుకుంటుందో లేదో చెప్పలేం, అందుకే లక్షణాలు లేనివాళ్ళకి ఆ టెస్ట్ వద్దనే సీడీసీ కూడా అంటుంది. హెచ్‌పీవీకి మగవాళ్ళలో వాడటానికి ఆమోదించిన టెస్టే లేదు, ఆడవాళ్ళకి చేసేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందే పట్టడానికి. కాబట్టి ఈ రెండిటి విషయంలో టెస్ట్ క్లియర్ అనే మాటకి అర్థం లేదు, పెర్ఫార్మర్లు ఆ రిస్క్ తెలిసే పని ఒప్పుకుంటారు. హెచ్‌పీవీకి వ్యాక్సిన్ ఉంది, హెర్పిస్‌కి అదీ లేదు.

విండో పీరియడ్ అంటారు, అదేంటో అర్థమయ్యేలా చెప్పండి

ఇన్ఫెక్షన్ ఒంట్లోకి వచ్చాక, టెస్ట్‌కి దొరికేంత పెరిగేదాకా పట్టే రోజులే విండో పీరియడ్. ఆ రోజుల్లో మనిషికి జబ్బు ఉంటుంది, ఇంకొకరికి అంటించగలడు కూడా, రిపోర్ట్ మాత్రం నెగటివే.

హెచ్ఐవీకి సీడీసీ చెప్పే లెక్క: వైరస్‌నే వెతికే న్యాట్ టెస్ట్ అయితే అంటుకున్న 10 నుంచి 33 రోజుల్లో పట్టుకుంటుంది, నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే యాంటీజెన్, యాంటీబాడీ టెస్ట్‌కి 18 నుంచి 45 రోజులు, ఉత్త యాంటీబాడీ టెస్ట్‌కి 23 నుంచి 90 రోజులు. అంటే ఉన్నవాటిలో బెస్ట్ టెస్ట్ తీసుకున్నా మొదటి 10 రోజులు దానికి ఏమీ కనపడదు. ఘోరం ఏంటంటే హెచ్ఐవీ కొత్తగా అంటుకున్న మొదటి వారాల్లోనే రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగేది, అంటించే అవకాశం ఎక్కువుండేదీ అప్పుడే.

సిఫిలిస్ ఇంకా నిదానం, మొదటి పుండు కనపడటానికే 10 నుంచి 90 రోజులు పట్టొచ్చు, మామూలుగా 3 వారాలు. గనేరియా, క్లమీడియా ఒకటి రెండు వారాల్లో టెస్ట్‌కి దొరికిపోతాయి. కాబట్టి సోమవారం రిస్క్ జరిగితే బుధవారం పరిగెత్తుకెళ్ళి ఇచ్చిన శాంపిల్‌తో ఆ సోమవారం గురించి ఏమీ తెలీదు, అంతకుముందు సంగతే తెలుస్తుంది.

మెడికల్ షాపులో దొరికే కిట్‌తో ఇంట్లోనే చేసుకుంటే ఒప్పుకుంటారా?

ఒప్పుకోరు. నోటి స్వాబ్‌తో చేసే హెచ్ఐవీ కిట్ యాంటీబాడీలనే చూస్తుంది, దాని విండో 90 రోజుల దాకా పోతుంది. పైగా ఆ కిట్ ఎవరు వాడారో ఎవరికి తెలుసు? ల్యాబ్‌లో అయితే ఐడీ చూసి శాంపిల్ తీసుకుంటారు.

టెస్ట్‌కి ముందు ఏమైనా జాగ్రత్తలున్నాయా?

యూరిన్ శాంపిల్ ఇచ్చేముందు కనీసం గంటసేపు బాత్రూమ్‌కి వెళ్ళొద్దు, ఇచ్చేటప్పుడు మొదట వచ్చే ధారనే పట్టాలి. మామూలు యూరిన్ టెస్టులకి మధ్యలోది పట్టమంటారు కాబట్టి చాలామంది అలవాటుగా మొదటిది వదిలేస్తారు, కానీ సూక్ష్మజీవులు ఎక్కువుండేది ఆ మొదటి ధారలోనే. ఈమధ్య ఏవైనా యాంటీబయాటిక్స్ వాడితే చెప్పండి, ప్రెప్ (హెచ్ఐవీ అంటకుండా ముందునుంచే వాడే మందు) వాడుతుంటే తప్పకుండా చెప్పండి. పరగడుపున రావాల్సిన పని లేదు.

## ల్యాబ్‌లో

రక్తం, యూరిన్ ఇస్తే సరిపోదా? గొంతులో స్వాబ్ ఎందుకు?

ఇన్ఫెక్షన్ ఎక్కడ ఉంటే అక్కడినుంచే శాంపిల్ తీయాలి కాబట్టి. గొంతులో ఉన్న గనేరియా యూరిన్‌లోకి రాదు, మలద్వారంలో ఉన్న క్లమీడియా కూడా రాదు. లాస్ ఏంజెలెస్‌లో 168 మంది పెర్ఫార్మర్ల మీద చేసి 2012లో పబ్లిష్ చేసిన స్టడీ ఒకటుంది. అందులో 47 మందికి, అంటే 28 శాతం మందికి, గనేరియాగానీ క్లమీడియాగానీ రెండూగానీ దొరికాయి. ఆ 47లో 11 మంది కేసులు యూరిన్, జననాంగాల శాంపిల్ వరకే చూసుంటే బయటపడేవే కావు. ఈ గొంతు, మలద్వారం కేసుల్లో చాలావాటికి నొప్పి ఉండదు, మంట ఉండదు, మనిషికి ఏమీ తెలీదు, చేతిలో క్లియర్ రిపోర్ట్ పెట్టుకుని తిరుగుతుంటాడు.

నన్నడిగితే 14 రోజులా 28 రోజులా అని కొట్టుకునే దానికంటే ఇది పెద్ద విషయం. మూడుచోట్ల (గొంతు, మలద్వారం, యూరిన్ లేదా జననాంగాలు) శాంపిల్ తీయని టెస్ట్ వారానికోసారి చేసినా లోపం లోపమే. ఒకప్పుడు గొంతు, మలద్వారం శాంపిల్స్‌కి ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి, టెస్టులకి అనుమతి ఇచ్చే సంస్థ) ఆమోదం ఉన్న టెస్టులు లేవని ల్యాబులు సాకు చెప్పేవి, 2019 మేలో రెండు టెస్టులకి ఆ ఆమోదం కూడా వచ్చేసింది.

స్వాబ్ నేనే తీసుకోవచ్చా? సిగ్గుగా ఉంటుంది

తీసుకోవచ్చు, చాలాచోట్ల అలాగే ఇస్తారు. ఎలా తీసుకోవాలో సరిగ్గా చెప్తే నర్స్ తీసినదానికీ మనం తీసుకున్నదానికీ రిజల్ట్‌లో పెద్ద తేడా ఉండదు.

సిఫిలిస్‌కి రెండు రకాల టెస్టులు రాశారు, ఒకటి చాలదా?

రెండూ వేరే వేరే విషయాలు చెప్తాయి. ట్రెపోనిమల్ టెస్ట్ అనేది మీకు ఎప్పుడైనా సిఫిలిస్ వచ్చిందా అని చెప్తుంది, ఒకసారి పాజిటివ్ అయితే వైద్యం అయ్యాక కూడా మామూలుగా జీవితాంతం పాజిటివే. ఆర్‌పీఆర్ అనేది ఇప్పుడు యాక్టివ్‌గా ఉందా అని అంచనా ఇస్తుంది, అంకె రూపంలో వస్తుంది, వైద్యం పనిచేస్తే ఆ అంకె తగ్గుతుంది. ఆర్‌పీఆర్ ఒక్కటే చేస్తే మరీ కొత్త కేసులు కొన్ని తప్పిపోతాయి, ట్రెపోనిమల్ ఒక్కటే చేస్తే ఎప్పుడో పదేళ్ళ కింద నయమైనవాణ్ణి కూడా పనికి రానివ్వరు.

## రిజల్ట్ వచ్చాక, షూట్ రోజు

నా రిపోర్ట్ డైరెక్టర్ దగ్గర్నుంచి లైట్ బాయ్ దాకా అందరూ చూస్తారా?

పాస్ డేటాబేస్‌లో కనపడేది ఈ మనిషి ఇవాళ పనికి క్లియరా కాదా అన్నంతవరకే. ఏ జబ్బు, ఏ అంకె అన్నది అక్కడ ఉండదు. క్లియర్ కాదని వస్తే దానికి కారణం జబ్బే అవ్వక్కర్లేదు, టెస్ట్ గడువు అయిపోయినా అలాగే వస్తుంది. ఎయిమ్ కాలంలో కాగితాలు చేతులు మారేవి, 2011 లీక్ తర్వాత అలా వద్దనుకున్నారు. అయితే ఎదుటి పెర్ఫార్మర్ నీ పూర్తి రిపోర్ట్ చూపించు అని నేరుగా అడగడం మామూలే, చాలామంది చూపిస్తారు కూడా.

దొంగ రిపోర్ట్ పెడితే ఎవరు పట్టుకుంటారు?

2012లో సరిగ్గా ఇదే జరిగింది, ఒక పెర్ఫార్మర్ సిఫిలిస్ ఉన్న రిపోర్ట్‌ని దిద్ది షూటింగ్‌లకి వెళ్ళాడు, తర్వాత అతనే ఒప్పుకున్నాడు. షూటింగులు ఆపి పెర్ఫార్మర్లకి పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేయించాల్సి వచ్చింది. మనిషి చేతికి వచ్చిన కాగితాన్ని, ఫోన్‌లో ఉన్న పీడీఎఫ్‌ని నమ్మకూడదు అనేది అప్పుడు గట్టిగా ఎక్కింది. ల్యాబ్ నుంచి రిజల్ట్ నేరుగా డేటాబేస్‌కి వెళ్తే మధ్యలో దిద్దడానికి ఎవరికీ వీలుండదు. స్క్రీన్‌షాట్ చూపిస్తే మాత్రం ఒప్పుకోవద్దు.

14 రోజులు ఎప్పటినుంచి లెక్క? రిజల్ట్ వచ్చిన రోజు నుంచా?

శాంపిల్ ఇచ్చిన రోజు నుంచి లెక్కేసుకోవాలి. రిజల్ట్ రెండు మూడు రోజులు ఆలస్యమైతే మీ గడువులో అవి పోయినట్టే.

నెగటివ్ వచ్చింది, గడువు కూడా ఉంది, ఇంక సేఫే కదా?

శాంపిల్ ఇచ్చిన రోజుకి, అదీ విండో పీరియడ్ తీసేసి చూస్తే, సేఫ్. ఆ తర్వాత సంగతి రిపోర్ట్‌కి తెలీదు. నిన్నటి పేపర్లో వాతావరణం చూసుకుని ఇవాళ గొడుగు ఇంట్లో వదిలేసి వెళ్ళినట్టుంటుంది.

2014లో జరిగిన కేసుని సీడీసీ 2016లో వివరంగా రాసింది. 25 ఏళ్ళ మగ పెర్ఫార్మర్, హెచ్ఐవీ ఆర్ఎన్ఏ టెస్ట్ నెగటివ్. అది చేయించిన 10 రోజులకి జ్వరం, గొంతు నొప్పి, ఒంటిమీద దద్దుర్లు. డాక్టర్ దగ్గరికి వెళ్ళి టెస్ట్ ఇచ్చి, పాజిటివ్ అని అతనికి తెలిసేసరికి ఆ నెగటివ్ టెస్ట్ నుంచి మొత్తం 22 రోజులు అయ్యాయి. ఆ 22 రోజుల్లో రెండు కంపెనీల షూటింగుల్లో 12 మంది మగ పెర్ఫార్మర్లతో కండోమ్ లేకుండా పనిచేశాడు. వైరస్ జన్యువులు పోల్చి చూస్తే తేలిందేంటంటే అతనికి అంటింది సెట్‌లో కాదు, బయటి పార్టనర్ నుంచి అయ్యుండాలి. అతని నుంచి మాత్రం సెట్‌లో ఒకరికి, బయట ఒకరికి వెళ్ళింది. వాళ్ళలో విచారించినవాళ్ళెవరూ ప్రెప్ వాడట్లేదు. ఉన్నవాటిలో మంచి టెస్టే చేయించుకున్నాడు, అది తప్పు చూపించలేదు కూడా, శాంపిల్ ఇచ్చిన రోజున నిజంగానే దొరికే స్థితిలో లేదు అంతే.

క్లియర్ అని ఉంది గానీ ఎదుటి మనిషి పెదవి మీద పొక్కు ఉంది, ఏం చేయాలి?

సీన్ ఆపేయండి. కొత్త పుండు, పొక్కు, స్రావం, జ్వరంతో కూడిన దద్దుర్లు, వీటిలో ఏది కనపడినా డేటాబేస్‌లో ఏముందన్నది పక్కనపెట్టాలి. ఒప్పుకున్న సీన్‌ని అక్కడికక్కడే వద్దనే హక్కు పెర్ఫార్మర్‌కి ఉంటుంది, డబ్బులు పోతాయేమోనని, తర్వాత పిలవరేమోనని నోరు మూసుకునేవాళ్ళే ఎక్కువ, అది వేరే సంగతి. మంచి ప్రొడక్షన్ వాళ్ళు రద్దయినా ఎంతో కొంత ఇచ్చే పద్ధతి ముందే కాంట్రాక్ట్‌లో రాస్తారు, సైన్ చేసేముందు ఆ లైన్ ఉందో లేదో చూసుకోండి. షూట్‌కి ముందు పళ్ళు గట్టిగా తోమడం, పళ్ళ మధ్య దారంతో శుభ్రం చేయడం, అప్పటికప్పుడు షేవింగ్ చేసుకోవడం కూడా వద్దు, చిన్న చిన్న గాట్లే ఇన్ఫెక్షన్‌కి దారి.

## పాజిటివ్ వస్తే

గనేరియా, క్లమీడియా వస్తే ఎన్నాళ్ళు పని మానాలి?

క్లమీడియాకి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు 7 రోజులు, గనేరియాకి సెఫ్ట్రియాక్సోన్ 500 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఒక్కటి, ఇవి అక్కడి మామూలు వైద్యం. ఇంజెక్షన్ అయితే వేసిన రోజు నుంచి 7 రోజులు, మాత్రలైతే కోర్సు పూర్తయ్యేదాకా ఎవరితోనూ వద్దు, పార్టనర్‌కి కూడా వైద్యం అవ్వాలి. ఇక్కడ తొందరపడి రెండ్రోజులకే షూట్ ఒప్పుకుంటే నీ నుంచి వెళ్ళింది చుట్టూ తిరిగి మళ్ళీ నీకే వస్తుంది.

మందులు పూర్తిగా వేసుకున్నా, మళ్ళీ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. మందు పనిచేయలేదా?

చాలాసార్లు పనిచేసే ఉంటుంది. న్యాట్ టెస్ట్ బతికున్న బాక్టీరియాకీ చచ్చిన బాక్టీరియా ముక్కలకీ తేడా చూడదు, జన్యు పదార్థం ఉంటే చాలు పాజిటివ్ అంటుంది. క్లమీడియాలో ఈ చచ్చిన ముక్కలు వారాలపాటు ఉండిపోతాయి, అందుకే వైద్యం అయిన 4 వారాల లోపు మళ్ళీ టెస్ట్ చేయొద్దనే గైడ్‌లైన్ ఉంది. 14 రోజుల రూల్‌తో దీనికి నేరుగా గొడవ: పని కావాలంటే టెస్ట్ ఇవ్వాలి, టెస్ట్ ఇస్తే తప్పుడు పాజిటివ్ రావచ్చు. ఇలాంటప్పుడు వైద్యం చేసిన క్లినిక్‌తో, టెస్ట్ చేసిన ల్యాబ్‌తో మాట్లాడి తేల్చుకోవాలి గానీ భయపడి మళ్ళీ మళ్ళీ యాంటీబయాటిక్స్ మింగొద్దు. గొంతు గనేరియా మాత్రం దీనికి మినహాయింపు, అది మందుకి లొంగడం కష్టం కాబట్టి వైద్యం అయిన 7 నుంచి 14 రోజుల్లో నయమైందో లేదో చూడమంటారు.

సిఫిలిస్ వస్తే కెరీర్ అయిపోయినట్టేనా?

కాదు. తొలి దశలో ఉంటే బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్క డోసుతో నయమవుతుంది. తర్వాత ఆర్‌పీఆర్ అంకె తగ్గుతోందా అని నెలల తరబడి చూస్తారు, నాలుగోవంతుకి పడితే వైద్యం పనిచేసినట్టు. పాత రిపోర్టులు జాగ్రత్తగా దాచుకోండి, కొత్త ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు ఇది పాత ఇన్ఫెక్షనే అని చూపించడానికి అవే ఆధారం.

హెచ్ఐవీ పాజిటివ్ వస్తే ఏం జరుగుతుంది?

మొదట ఇంకో శాంపిల్‌తో, ఇంకో రకం టెస్ట్‌తో కన్ఫర్మ్ చేస్తారు, ఒక్క రిజల్ట్ మీద ఆధారపడరు. ఈలోపే ఇండస్ట్రీలో షూటింగులు ఆపమని పిలుపు ఇస్తారు, దాన్ని ప్రొడక్షన్ హోల్డ్ అంటారు. ఆ మనిషి చివరి నెగటివ్ టెస్ట్ నుంచి వెనక్కి వెళ్ళి, ఆ మధ్యలో పనిచేసినవాళ్ళందరినీ వెతికి టెస్టులు చేస్తారు, వాళ్ళలో ఎవరికైనా వస్తే మళ్ళీ వాళ్ళ పార్టనర్లని. కన్ఫర్మ్ టెస్ట్ నెగటివ్ వచ్చి రెండ్రోజుల్లో హోల్డ్ ఎత్తేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఆ మనిషి సంగతికొస్తే, వెంటనే మందులు మొదలుపెడితే కొద్ది నెలల్లోనే వైరస్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) పడిపోతుంది. అది మిల్లీలీటర్‌కి 200 కాపీల కంటే కిందే ఉంటే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు, దీనికి పెద్ద స్టడీల ఆధారం గట్టిగా ఉంది. అయినా పాస్ పద్ధతిలో వాళ్ళకి క్లియర్ రాదు. సైన్స్ ఒక దగ్గరుంది, రూల్ ఇంకో దగ్గర ఆగిపోయింది అనేవాళ్ళు ఇండస్ట్రీలోనే ఉన్నారు, నాకూ ఆ వాదనలో బలం ఉందనే అనిపిస్తుంది.

నాతో పనిచేసినవాళ్ళకి నా పేరు చెప్పేస్తారా?

హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు చెప్పరు. మీకు ఇన్ఫెక్షన్ సోకే అవకాశం ఉండింది, టెస్ట్ చేయించుకోండి అనే చెప్తారు. కానీ ఇది చిన్న ప్రపంచం, షూట్ తేదీలు అందరికీ తెలుసు, ఎవరో ఊహించేస్తారు. ల్యాబులు పాజిటివ్ కేసుల్ని కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి రిపోర్ట్ చేయాలని చట్టం, ఆ సమాచారం కాన్ఫిడెన్షియల్‌గా ఉండాలని కూడా చట్టమే.

## కండోమ్, ప్రెప్, వ్యాక్సిన్లు

ఇంత గోల ఎందుకు, కండోమ్ వాడితే పోదా?

ఇదే మాట మీద కాలిఫోర్నియా ఏళ్ళ తరబడి కొట్టుకుంది. ఉద్యోగులకి రక్తం, శరీర ద్రవాలు తగలకుండా యజమాని చూడాలనే రూల్ అక్కడ వర్క్‌ప్లేస్ సేఫ్టీ చట్టాల్లో 5193 సెక్షన్ కింద ఎప్పటినుంచో ఉంది, సేఫ్టీ రూల్స్ చూసే రాష్ట్ర సంస్థ కాల్ ఓషా దాన్ని ఈ సెట్‌లకీ వర్తిస్తుందనే చెప్తుంది. 2012లో లాస్ ఏంజెలెస్ కౌంటీ ఓటర్లు మెజర్ బి అనే రూల్‌ని సుమారు 57 శాతం ఓట్లతో పాస్ చేశారు, షూట్‌కి హెల్త్ పర్మిట్, కండోమ్ తప్పనిసరి. వెనకుండి నడిపింది ఎయిడ్స్ హెల్త్‌కేర్ ఫౌండేషన్. దాంతో కౌంటీలో షూటింగ్ పర్మిట్లు ఒక్కసారిగా పడిపోయాయి, కొందరు లాస్ వెగాస్ వైపు వెళ్ళారు, కొందరు పర్మిట్ లేకుండానే తీసుకున్నారు. 2016లో రాష్ట్రమంతా ఇదే పెట్టాలని ప్రాపొజిషన్ 60 వస్తే ఓటర్లు సుమారు 54 శాతంతో తిప్పికొట్టారు.

పెర్ఫార్మర్లలో చాలామంది దాన్ని వ్యతిరేకించడానికి కారణాలున్నాయి. గంటల తరబడి సాగే షూట్‌లో కండోమ్ రాపిడికి గాయాలవుతాయని వాళ్ళ అనుభవం, రూల్ ఉల్లంఘిస్తే ఎవరైనా కేసు వేయొచ్చనే క్లాజ్ వల్ల అసలు పేరు, అడ్రస్ బయటపడతాయనే భయం. అటువైపు వాదన కూడా తేలిగ్గా తీసేయలేం, ఏ టెస్టుకీ దొరకని మొదటి 10 రోజుల్లో అడ్డుపడే వాటిలో కండోమ్ ఒకటి. గే స్టూడియోల్లో చాలాకాలం కండోమే రూల్‌గా ఉండేది, ప్రెప్ వచ్చాక అక్కడా మారిపోయింది.

ప్రెప్ వేసుకుంటే టెస్టులు మానేయొచ్చా?

లేదు. ప్రెప్ ఆపేది హెచ్ఐవీ ఒక్కదాన్నే, గనేరియా, సిఫిలిస్‌కి దానితో పనే లేదు. 2012లో ఎఫ్‌డీఏ మొదటి మాత్రని ఆమోదించింది, 2021 చివర్లో రెండు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్, 2025లో ఆరు నెలలకోసారి తీసుకునే ఇంజెక్షన్ వచ్చాయి. క్రమం తప్పకుండా వాడితే సెక్స్ ద్వారా వచ్చే హెచ్ఐవీని దాదాపు 99 శాతం ఆపుతుంది. ఒక తిరకాసు ఏంటంటే, ప్రెప్ మీద ఉండగా అరుదుగా ఎవరికైనా హెచ్ఐవీ వస్తే అది టెస్ట్‌కి దొరకడం ఆలస్యమవుతుంది, ఇంజెక్షన్ రకంలో మరీను. అందుకే ప్రెప్ వాడేవాళ్ళకి టెస్టులు ఇంకా జాగ్రత్తగా చేయాలి.

సెట్‌లో అనుకోనిది జరిగింది, ఇప్పుడేం చేయాలి?

72 గంటల లోపు పెప్ (రిస్క్ జరిగాక హెచ్ఐవీ రాకుండా వాడే మందులు) మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు ఆపకుండా వాడాలి. ఎమర్జెన్సీ రూమ్‌కి వెళ్ళండి, సోమవారం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడొద్దు.

డాక్సీపెప్ అందరూ వాడుతున్నారట, నిజంగా పనిచేస్తుందా?

సెక్స్ అయిన 72 గంటల లోపు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఒక డోస్, ఇదే డాక్సీపెప్. స్టడీల్లో క్లమీడియా, సిఫిలిస్ 70 శాతం పైగా తగ్గాయి, గనేరియా మీద ప్రభావం తక్కువ, నిలకడగా కూడా లేదు. 2024లో సీడీసీ ఇచ్చిన గైడ్‌లైన్ మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాళ్ళకి, ట్రాన్స్ మహిళలకి, అదీ గత 12 నెలల్లో ఏదో ఒక బాక్టీరియా సుఖవ్యాధి వచ్చినవాళ్ళకి. మిగతా ఆడవాళ్ళ విషయంలో ఆధారాలు ఇంకా సరిపోవు. ఎవరో స్నేహితుడు ఇచ్చిన స్ట్రిప్ జేబులో పెట్టుకుని ఇష్టమొచ్చినట్టు వాడితే మందుకి లొంగని బాక్టీరియాని తయారుచేసుకున్నట్టే.

ఏ వ్యాక్సిన్లు వేయించుకోవాలి?

హెపటైటిస్ బి, హెపటైటిస్ ఎ, హెచ్‌పీవీ. ఎంపాక్స్ (మంకీపాక్స్)ది అవసరమో కాదో డాక్టర్‌ని అడగండి, 28 రోజుల తేడాతో రెండు డోసులు. హెచ్‌పీవీ 26 ఏళ్ళ దాకా అందరికీ సిఫార్సు, 27 నుంచి 45 మధ్య వాళ్ళు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు. పనిలోకి దిగకముందే వేయించుకుంటే పూర్తి లాభం.

## స్టూడియో బయట

టెస్ట్ డబ్బులు ఎవరు పెట్టుకోవాలి?

చాలాకాలం పెర్ఫార్మర్లే జేబులోంచి పెట్టుకున్నారు, ఇప్పటికీ చాలామంది అదే పరిస్థితి. స్టూడియోలు వాళ్ళని ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు అంటాయి, సేఫ్టీ రూల్స్ చూసే కాల్ ఓషా ఉద్యోగులుగా చూస్తుంది, ఉద్యోగులైతే పనికోసం అడిగే మెడికల్ టెస్ట్ ఖర్చు యజమానిదే అవ్వాలి. నెలకి రెండు టెస్టులు, ఆ నెలలో పనేమో ఒక్కటే దొరికితే మిగిలేదేముంటుంది? పని తక్కువున్నవాళ్ళే గడువు సాగదీయాలని చూడటానికి అసలు కారణం ఇదే.

సొంతంగా వీడియోలు తీసి సబ్‌స్క్రిప్షన్ సైట్లలో పెట్టేవాళ్ళకి ఇవన్నీ వర్తిస్తాయా?

ఎవరూ బలవంతం చేయరు, సైట్లు ఐడీ, వయసు, సమ్మతి కాగితాలు అడుగుతాయి గానీ టెస్ట్ రిపోర్ట్ అడగవు. ఇవాళ ఎక్కువమంది పనిచేస్తున్నది ఇక్కడే, కాబట్టి పాత పద్ధతి సగం దీని బయటే ఉండిపోయింది. చేసేదల్లా ఇద్దరూ ఒకే ల్యాబ్‌కి కలిసి వెళ్ళి, మూడుచోట్ల శాంపిల్ ఇచ్చి, రిజల్ట్ ల్యాబ్ పోర్టల్‌లో ఎదురెదురుగా కూర్చుని తెరిచి చూసుకోవడం. ఈలోపు బయట వేరేవాళ్ళతో ఉండొద్దని మాట్లాడుకోవాలి, ఈ మాట అడగడానికే మొహమాటపడి ఊరుకుంటారు.

ఇంట్లో భార్యో భర్తో ఉంటే వాళ్ళకీ టెస్ట్ చేస్తారా?

రూల్ ప్రకారం అక్కర్లేదు. పాస్ లిస్ట్‌లో ఉండేది కెమెరా ముందుకి వచ్చేవాళ్ళు మాత్రమే. బయటి పార్టనర్లు, డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాళ్ళు, ఇంట్లో ఉన్న మనిషి, వీళ్ళెవరూ డేటాబేస్‌లో ఉండరు, 14 రోజులకోసారి రక్తం ఇవ్వరు. కొన్ని జంటలు సొంతంగా ఒక పద్ధతి పెట్టుకుంటాయి, పెర్ఫార్మర్ టెస్ట్‌కి వెళ్ళినప్పుడల్లా ఇంట్లో మనిషి కూడా వెళ్తారు, షూట్ తర్వాత రిజల్ట్ వచ్చేదాకా ఇంట్లో కండోమ్ వాడతారు, ఇంట్లో మనిషి ప్రెప్ మీద ఉంటారు. సంఘాలు ఈ టెస్టుల్లో డిస్కౌంట్ మాట్లాడితే పార్టనర్‌కి కూడా అదే రేటు వర్తిస్తుందేమో అడిగి చూడండి, అడగనిదే ఎవరూ చెప్పరు.